ఎర్ర వైరు

ఇంజన్ దింపుడు జానిమియా పని.
గొలుసు గరగరమంటుంటె
వ్యాగనార్ ఇంజన్ పాత జెన్ కడుపుల కూసున్నది.
ఒక బోల్టు సుత్తెకు వినలె,
వెల్డింగ్ పెట్టి ఒప్పించిండు.
"ఇగ నీదే" అని చేతులు తుడుసుకుంట
చాయ్‌కి పోయిండు.

నాది వైర్ల పని.
దేవరకొండ బస్టాండు ఎనుక రేకుల షెడ్డు.
సత్తుపళ్లెంల పెట్రోలు, పెట్రోలుల నాలుగు ఇంజెక్టర్లు.
మూడు ఇంజన్‌తోని వచ్చినయ్,
నాలుగోదాని మూతి పలిగితె
హర్యా పట్నంల పాత సామాన్ల దుకాణంల
ఏరుకొచ్చిండు.
ప్లగ్గు టక్కుమని పట్టింది.
"కుదిరింది గద అన్నా, కీ తిప్పు!"

మీటరు పెట్టిన.
పద్నాలుగు. పద్నాలుగుంపావు. మల్ల పద్నాలుగే.
నాలుగోది రెండున్నర.

కుదురుడు వేరు, ఓర్సుడు వేరు హర్యా.
అడ్డు తక్కువున్నది కరెంటును గటగట తాగుతది,
తాగి తాగి కంప్యూటర్‌ను కాలుస్తది.
మా ఉస్తాద్ అంటుండె:
ఎదురు మాట్లాడనోడే ఒకనాడు ఇల్లు తగలబెడ్తడు.

హర్యా మొకం చిన్నగైంది.
తండా నుంచి దవాఖానకు పొద్దుగాల ఐదుగురున్నరట,
అడ్వాన్సు తీసుకున్నడట.
పట్నం ఫోన్ కొట్టిన.
అదే నంబరు, అదే కంపెనీ,
మొదటి బస్సుల పంపుతనన్నరు.

రాత్రి బల్బు ఏలాడదీసి
వైర్లు ఏరుకుంట కూసున్న.
ఒక్కో బండి ఒక్కో భాష.
జెన్‌ల నలుపంటె భూమి,
ఇండ్ల నలుపు-పసుపు చార.
చార సూడకుంటె అర్థం తిరగబడ్తది.
తెలుపు పంపుకు, గోధుమ గేజికి,
ఎరుపు బ్యాటరీకి. ఎరుపంటె ఎవలైన అంతే అనుకుంటరు.
నేనూ అనుకున్న.
తోలు ఒలిసి, బ్యాటరీ మీదికి వంచి,
ఎందుకో మల్లొక్కసారి మీటరు పెట్టిన.

ఎరుపు రిలేకు పోతలేదు.
అటు పోతె కంప్యూటర్ పిన్ను,
ఇటొస్తె మూడో ఇంజెక్టరు.

ఎవడు వీడు, రంగు తెల్వనోడు,
తిట్టుకుంట టేపు ఇప్పిన.
టేపు కింద దారం చుట్టున్నది.
మైనం రాసిన దారం. రాణిరంగు.

మా చంద్రకళ మిషన్ దారం.

ఆరేండ్ల కింద, వాన రాత్రి.
డిండి దిక్కు నుంచి తెల్ల వ్యాగనార్.
ఎనుక సీట్ల పోలియో చుక్కల డబ్బా,
ముంగట మేడం, చీర కుచ్చెళ్ళకు బురద.
"ఐసు కరుగుతది, జెర జల్ది."
ఆకుపచ్చ వైరును ఎలుక కొరికింది.
దుకాణాలు బందు. నా దగ్గర ఎరుపొక్కటే ఉండె.
జానెడు ముక్క అతికించి
"రేపు రాండ్రి మేడం, సరైంది ఏస్త" అన్న.
పైసలు గూడ రేపే తీసుకుంటనన్న.

రాలే.

"హర్యా, ఈ ఇంజన్ బండి ఏమైంది? గుద్దుకున్నదా?"
"ఏమో అన్నా. ఇంజన్ మంచిగున్నదన్నరు, తెచ్చిన."
ఇంకేం అడుగుదును.
బల్బు చుట్టు పురుగులు తిరుగుతున్నయ్.

ఇంకో నిమిషం అయితె
నా అబద్ధమే నా చేతుల పొగ లేపుతుండె.

బస్సు వచ్చే సరికి తెల్లారింది.
పేపర్ల చుట్టిన చిన్న పొట్లం,
మాల్ దగ్గర టైరు పంచరైందని కండక్టర్ సంజాయిషీ.
మీటరు పెట్టిన. పద్నాలుగు.
కొత్త రబ్బరు రింగుకు నూనె రాసి మెల్లగ నొక్కిన.

కీ తిప్పితె రెండుసార్లు దగ్గింది,
మూడోసారి పట్టుకున్నది.
స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద,
పిడి నా చెవిల.
టిక్ టిక్ టిక్ టిక్.
ఒకటి, రెండు, నాలుగు.
మూడోదాని మీద జరసేపు ఎక్కువ పెట్టిన.

హర్యా హారన్ కొట్టుకుంట పోయిండు.
హారన్ గూడ వ్యాగనార్‌దే.

బట్టలు ఉతుకుతుంటె చంద్రకళ
నా అంగి జేబుల చెయ్యి పెట్టి
జానెడు ముక్క బయటికి తీసింది.
"ఇదేంది, నా దారం?"

రేపు మారుస్తనన్న వైరు, అన్న.