అట్ట గొట్టం మీద తొంభై చుట్లు

ఏకాంబరకుప్పంలో మా వీధికి నిద్ర లేదు.
ఇంటికి రెండు మరమగ్గాలు,
పగలూ రాత్రీ టకటకా టకటకా,
గోడకు చెయ్యి ఆనిస్తే
గోడ కూడా నేస్తా ఉండేది.

నాయన చెవులు ఆ చప్పుడులోనే పోయినాయి.
ఒక్కసారిగా కాదు,
పంచె అంచు నలిగినట్టు, కొంచెం కొంచెం.
ముందు పిచ్చుకలు పోయినాయి,
తర్వాత కుక్కరు విజిలు,
ఆఖరికి నేను.

ఆ ఏడు కాలిపోయిన మోటారొకటి
పుత్తూరు వైండింగు షాపు నుంచి తిరిగొచ్చింది,
పాత తీగ గోనెసంచిలో వేరేగా.
కిలో లెక్కన అమ్మేయమనింది అమ్మ.
నాయన అందులో మాడని ముక్కలు ఏరి, అతికి,
నూలు అయిపోయిన అట్ట గొట్టానికి
చుట్టడం మొదలుపెట్టినాడు.
చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా,
తెగిన పోగును చీకట్లో ముడేసే వేళ్ళతో.
లెక్క అరవంలో.
డబ్బులూ పోగులూ ఆయనకు అరవంలోనే లెక్కకొస్తాయి.
అరవై దాటినాక నేను భుజం తట్టినా పలకలేదు.
తొంభై అయినాక చెప్పినాడు:
"తెలిసిందిలే వళ్ళీ, లెక్క తప్పుతాదని."

టీవీలు బాగుచేసే దొరస్వామి అంగట్లో
చచ్చిపోయిన సెట్టు పొట్టలోంచి
వడ్లగింజంత గాజు డయోడు,
శేరు వేరుశనక్కాయలకు బేరం.
పాట పాడే పుట్టినరోజు కార్డు చించితే
లోపల ఇత్తడి బిళ్ళ. అదే చెవి.
చేతిపంపు గొట్టానికి ఒక తీగ,
ఇంకోటి మిద్దె మీద గుడ్డలారేసే కొయ్యలు దాటి
మునగచెట్టు దాకా.
బ్యాటరీ యాడ అని సైగ చేస్తే
పైకి చూపించినాడు.
అంతే. స్విచ్చి కూడా లేదు.

బిళ్ళ చెవికి ఆనించుకున్నా.
మగ్గాలే వినపడినాయి.
మర్నాడూ మగ్గాలే.
"చెవిటాయనకు రేడియో ఒకటి తక్కువ"
అమ్మ అటు తిరిగి అనింది,
ఆయన పెదాలు చదువుతాడని తెలుసు కాబట్టి.

మూడో రాత్రి కరెంటు పోయింది.
నలభై మగ్గాలు ఒక్క తూరి ఊపిరి బిగబట్టినాయి.
యాడో ఒక గాజు మూత కింద పెట్టిన చప్పుడు,
ఎవురిదో దగ్గు.
నాయనకు ఆ సంగతి అరికాళ్ళలో తెలిసింది.
లేచొచ్చినాడు.
టార్చి చుట్ట మీద వెయ్యలేదు,
నా ముఖం మీద వేసినాడు.

గీకిన రాగి మీద రేకుముక్క జరుపుతా
ఆయన వేలు తీగ మీద, కళ్ళు నా మీద.
ముందు ఇసకలో చీమ నడిచినట్టు.
తర్వాత ఒక మనిషి.
మద్రాసు నుంచి, అరవంలో, వార్తలు.
ఆయన వెనకాలే తెలుగులో ఇంకొకామె,
వరికి తెగులు.
ఇద్దరినీ విడదీసే తెలివి ఆ గొట్టానికి లేదు;
మా అవ్వా అమ్మా ఒకే పొయ్యి కాడ
చెరొక భాషలో మాట్లాడుకున్నట్టే ఉండాది.

నా కనుబొమ్మ లేచింది. ఆయన వేలు ఆగింది.
ఒక చుట్టు వెనక్కి. ముఖం చిట్లించినా.
ముందుకు, ఇంకా సన్నంగా.
ఏం చేసినానో నాకు తెలీదు,
కాగే పాలగిన్నె కాడినుంచి తీసినట్టు
చెయ్యి తీసేసినాడు.

"ఏమంటా ఉండారు?"
ఆ నిశ్శబ్దంలో ఆ గొంతు నాలుగిళ్ళకు వినపడింది.
పక్కింట్లో నవ్వినారు.
పెదాలు నిదానంగా కదిపి చెప్పినా,
వరికి మందు ఎట్ల కొట్టాలో చెప్తా ఉండారు.
"మనకు మడి యాడుండాది?" అన్నాడు.
కొంచేపాగి, "ఇంకా?"

ఇంకా చెప్పినా. ధరలు చెప్పినా,
యాడో వంతెన కూలిందని చెప్పినా,
వినపడని చోట నా సొంతంగా చెప్పినా.

కరెంటు వచ్చింది.
మా మగ్గం, ఎదురింటిది, వీధి చివరిది,
ఆమె గొంతు మీద ఎక్కి తొక్కినాయి.
నాయన నా ముఖం చూసినాడు.
రేకుముక్కను కదపలేదు.
జేబులోంచి నూలుపోగు తీసి,
ఎనభై మూడో చుట్టు కాడ,
దాన్ని అక్కడే కట్టేసినాడు,
లాగేకొద్దీ బిగిసే మగ్గం ముడి.