ఎడమదిక్కు

బొల్లిమూతి గొర్రె
మూడొద్దుల సంది ఎడమదిక్కే తిరుగుతున్నది.
గానుగ లేదు, కాడి లేదు.
మక్తల్ దాటినంక రేగడి చేన్ల
కోతైన మొదళ్ళ నడుమ
ఒక్కతే, దానికే తెలిసిన గీత మీద.

మా పెదబాపు ఈరప్ప
గాలి సోకిందన్నడు.
నిమ్మకాయ తెచ్చి మూతి చుట్టూ తిప్పిండు.
గొర్రె దానిదిక్కు చూడనే లేదు.
లోపల ఎవరో పిలుస్తున్నట్టు
చెవి వంచి నడుస్తనే ఉన్నది.

నాలుగోనాడు పడ్డది. కోసినం.
తిరుగుడు తలకాయ ఎవ్వలొద్దన్నరు.
నేనే తీస్కపోయి భైరి ముందర పెట్టిన.
కావలికి తలకాయ ఇయ్యాలె,
మా తాతనాటి లెక్క అది.
రాత్రంత పుర్రె కొరికిన చప్పుడు.
ఆ చప్పుడుకే నాకు మంచిగ నిద్ర పట్టింది,
కుక్క మేల్కొని ఉన్నదని.

వానలు పడ్డంక ఇంకోటి తిరిగింది. మల్ల ఇంకోటి.
చచ్చినదాని తలకాయ గోనెల కట్టి
నారాయణపేట పశువుల దవాఖానకు మోసిన.
రుక్సానా డాక్టరమ్మ పుర్రె ఇప్పి చూపెట్టింది.
మెదడు పక్కన నీళ్ళబుగ్గ,
సరిగ్గ నిమ్మకాయంత.
పల్చటి తోలు మీద తెల్లటి గింజలు,
నువ్వులు జల్లినట్టు.

"కుక్కను సాదుతున్నరా?" అన్నది.

భైరి పేగుల్ల బద్దెపురుగట.
గుడ్లు పెంటలకు, పెంట గడ్డికి,
గడ్డి గొర్రె నోట్లెకు,
ఆడికెల్లి నెత్తురెంబడి నెత్తికి.
గొర్రె నెత్తిలకెల్లి మల్ల కుక్క కడుపులకు.

"కాళ్ళు లేని పురుగు
అంత దూరం ఎట్ల పోతదమ్మా?"
ఆమె జవాబు చెప్పలె.
గోనె పట్టుకున్న నా చేతులదిక్కు చూసింది.

గోలీ జొన్నరొట్టెల మడిచిపెడితె
భైరి రొట్టె తిని గోలీ ఉమ్మింది.
రెండోసారి నెయ్యి పూసిన.
నా ఏళ్ళు కూడా నాకింది.

తలకాయను మోకాలి లోతు తవ్వి పూడ్చిన,
మీద తుమ్మకంప ఏసిన.
పెదబాపు మాట్లాడలె,
గొంగడి కప్పుకొని అటు మళ్ళిండు.

పొద్దుగూకంగ భైరి ఆడికొచ్చి
మన్ను వాసన చూసి
చుట్టు తిరిగి, చుట్టు తిరిగి పండుకున్నది.
పండుకునే ముందు కుక్కలన్నీ అట్లనే తిరుగుతయి,
నాకు తెల్వదా.
అయినా
ఎటుదిక్కు తిరిగిందో చూసిన.
ఎన్నిసార్లో లెక్కపెట్టిన.