అడుగు లెక్కన

ఆదివారం నాలుగున్నరకి
అలారం కూయకముందే దాని పీక నొక్కేస్తాను.
వైదేహి కళ్లు తెరవకుండానే అంటుంది:
"మోకాలు జాగ్రత్త. వచ్చేటప్పుడు కొత్తిమీర."

సైకిల్ పద్దెనిమిది వేలని ఆమెతో చెప్పాను.
పూర్తిగా అబద్ధం కాదు,
ముందు ఫోర్కు ఒక్కటీ అంతే పడింది.

లిఫ్టులో అడ్డంగా పట్టదు. వెనక చక్రం మీద నిలబెడితే
గుర్రంలా నా భుజమ్మీద తల ఆనిస్తుంది.
కింద వాచ్‌మన్ మొగులయ్య, నాలుగేళ్లుగా అదే ప్రశ్న:
"సార్, బండి ఖరాబైందా?"

టోలీచౌకీ ఫ్లైఓవర్ కింద సబీహా మేడమ్ కలుస్తుంది.
ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది.
రాపిడి గురించి ఆమెకు సూత్రాలు తెలుసు,
నా మోచేతులకు మిగతాది తెలుసు.

నున్నటి దారంటే నాకు నమ్మకం లేదు.
నార్సింగి వైపు సోలార్ కప్పు కింద ట్రాక్ వేశారు.
మంచిదే, ఎండ తగలదు, ఫొటోలు బాగా వస్తాయి.
కానీ ఏమీ అడగని నేల మీద
గంటసేపు తొక్కితే నాకు నిద్రొస్తుంది.
ఇక బ్యాటరీ సైకిళ్ల సంగతి ఎత్తకండి,
డాక్టరు నన్ను బీపీ పెంచుకోవద్దన్నాడు.

ఖాజాగూడ గుట్టల్లో మా రాళ్లకు పేర్లున్నాయి.
ఇడ్లీపాత్ర.
ఎల్ఐసీ (పైకెక్కాక అదే గుర్తొస్తుంది).
పండ్ల డాక్టరు, అది ఉద్ధవ్ పన్ను తీసింది, ఫీజు లేకుండా.
అన్నిటికన్నా ఏటవాలు, అత్తగారు.
అత్తగారి మీద బ్రేకు పట్టకూడదు, పడితే జారతాం.
పట్టకపోయినా ఒక్కోసారి జారతాం.

కొత్తగా వచ్చినవాళ్లకు ఒకటే చెబుతాను:
రాయిని చూడకు, రాయి పక్కన దారిని చూడు.
చూపు ఎటు పోతే చక్రం అటే పోతుంది.
వింటారు. తలూపుతారు.
రాయినే చూస్తారు.

మిగతా ఆరు రోజులూ నేను
అత్తాపూర్‌లో, పిల్లర్ నంబర్ నూట ముప్పై దగ్గర
గ్రానైట్ అమ్ముతాను.
అడుగు నూట నలభై, పాలిష్‌తో కలిపి.
కస్టమర్లు అరచేత్తో నిమిరి "అబ్బ, ఎంత నునుపు" అంటారు.
నేనూ అంటాను. అదే నా పని.

వానలు తగ్గాక మొదటి ఆదివారం
ఇడ్లీపాత్ర చుట్టూ నీలం రేకులు లేచి ఉన్నాయి.
సందులోంచి చూశాం. రాయి నడినెత్తిన
వరసగా చిల్లులు, కొలిచినట్టు, జానెడు జానెడు దూరంలో.
సబీహా లెక్కపెట్టింది. నలభై ఒకటి.
ఆ పక్కన కంప్రెషర్ మిషను, దాని మీద
ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది.

"మీ సరుకేనా?" అంది.
నవ్విందో లేదో, హెల్మెట్ నీడలో కనపడలేదు.
"కాదు మేడమ్, మాది చీమకుర్తి నుంచి వస్తుంది.
కొంత కరీంనగర్."
"అక్కడ ఎవరూ సైకిల్ తొక్కరా?"

జవాబు వెతుకుతూ బాటిల్ మూత తీశాను, పెట్టాను.
నిజానికి నాకు తెలియదు.
పదిహేడేళ్లుగా ఆ ఊళ్ల పేర్లు
ఇన్వాయిస్ మీద తప్ప నేను చదవలేదు.

ఆ రోజు అత్తగారు దిగలేదు.
రేకుల వెంబడే సైకిళ్లు నడిపించుకుంటూ తిరిగొచ్చాం,
దారి అంత ఇరుకైపోయింది.
మధ్యలో ఉద్ధవ్ ఏదో జోకు వేశాడు, గుర్తులేదు.

ఇంట్లో వైదేహి గట్టు మీద
(మా దుకాణం రాయే, కాస్త అంచు విరిగింది, అమ్ముడుపోలేదు)
ఉల్లిపాయలు తరుగుతోంది.
నా మోచెయ్యి చూసింది. ఆమెకు అన్ని పేర్లూ తెలుసు.
సైకిల్ అసలు ధర కూడా తెలుసేమోనని నా అనుమానం.

"ఏ రాయి?"
"రాయి కాదు. రేకు."

కత్తి ఒక క్షణం ఆగింది.
"కొత్తిమీర?" అంది.