ఎడమ చెయ్యి యాడుంది

ఉదయగిరిలో గరిటెలు చెక్కే వీధిలో
మా అంగడికి మాత్రం బోర్డు లేదు.
గుమ్మానికి విరిగిన ఫిడేలు మెడ ఒకటి వేలాడుతుంది,
దాన్ని కొలబద్ద అనుకునేవాళ్ళే ఎక్కువ.

వింజమూరు నుంచి మొదటి బస్సులో తంబుర వచ్చింది.
దుప్పట్లో చుట్టి, దానికీ ఒక టిక్కెట్టు కొట్టించి,
చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొచ్చాడు
హరికథల చెంచురామదాసు.
కుండ మీది పలక జానెడు పగిలింది.
"మా మనవడే కూర్చున్నాడు మామా,
పీటనుకున్నాడంట."

జిలానీ మామ ముందు ఉలి ముట్టడు.
బిరడా వెంట బిరడా వదులు చేస్తాడు,
తీగ గొంతు దిగి దిగి
గురకై ఆగిందాకా.
"బిగిసిన తీగ దగ్గర మొహం పెట్టబాక అమ్మణ్ణీ,
తెగేది చెప్పి తెగదు."

కుండ కింద ఇసుక మూట, మూట మీద పాత లుంగీ,
అటూ ఇటూ రెండు చీలలు.
"పట్టుకోవాల్సింది బల్ల.
నువ్వు కాదు."

అప్పుడిస్తాడు ఉలి.
ఇచ్చి, తలెత్తకుండా,
బళ్ళో హాజరు పిలిచినట్టు అడుగుతాడు:
"ఎడమ చెయ్యి యాడుంది?"
"వెనకుంది మామా."
"ఉలి చూసే దిక్కున
చీమ కూడా ఉండబళ్ళా."

చేరిన కొత్తల్లో
పదునంటే భయపడి మొద్దు ఉలిని ఎంచుకున్నా,
అదైతే మెత్తగా ఉంటుందని.
కొయ్యలోకి దిగలేదది.
భుజమేసి తోశా.
బొటనవేలి మొదట్లో ఇప్పటికీ నెలవంక ఉంది.
మామ తిట్టలేదు. గుడ్డ కట్టాడు.
మానినాక సానరాయి ముందు కూర్చోబెట్టాడు,
నీళ్ళు, రాయి, ఏటవాలు,
మధ్యాన్నం అన్నం వేళ దాకా.
"మొద్దు ఉలి కొయ్యని అడగదు,
నీ బలాన్ని అడుగుద్ది.
బలం జారితే యాడికి పోతుందో
నీకేం తెలుసు, నాకేం తెలుసు."

పదును చూసేది ముంజేతి వెంట్రుకల మీద.
అందుకే ఆయన ఎడమ చెయ్యి పసిపిల్లల చెయ్యిలా నున్నన.
"నిఖా నాడూ ఇంతే,
సగం చెయ్యి బోడి" అని ఖైరున్బీ అత్త నవ్వుద్ది.

ఇంకోటి కూడా, ఇది నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది:
చేజారిన ఉలిని పట్టుకోకూడదు.
కాలు తియ్యాలి, అంతే.
పడేదాన్ని పట్టుకునే బుద్ధి
పుట్టుకతోనే వస్తుంది మరి,
దాన్ని మానిపించాలంటే మాటలా.

సన్న కత్తి వేడి చేసి, పాత జిగురులో
వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిపితే
పలక లేచింది.
లోపల పనస చేవ వాసన,
ఎన్నేళ్ళ నాటిదో మూసిన గాలి,
ఎండిన రెక్కల పురుగొకటి.
పలక అడుగున, అంచుకి కాస్త ఇవతల,
గోధుమరంగు మరక.
పక్కనే జిగురులో అచ్చు పడిన వేలిముద్ర.

మామ అద్దాలు పెట్టుకున్నాడు.
టార్చి వేయించుకున్నాడు.
చాలాసేపు చూశాడు.
"వీడూ ఎడమ చెయ్యి ముందు పెట్టినోడే."
నేను బ్లేడు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు,
వెనక నుంచే.
"గోకబాక. ఉండనీ."

నాలుగో రోజు దాసు వచ్చి
చెవి ఆనించి పంచమం సరిచేసుకున్నాడు.
"లోపలేమన్నా ఉందా పాపా?"
"గాలి" అన్నా.

దీపం పెట్టేముందు లెక్క:
ఏడు ఉలులు గుడ్డ మీద, అంచులు గోడవైపు.
ఆరే ఉంటే పొట్టులో చెయ్యి పెట్టం,
అయస్కాంతం కట్టిన కర్రతో వెతుకుతాం.

ఇంటికొచ్చి కత్తిపీట ముందు కూర్చుంటే
మామ లెక్క తలకిందులు.
ఇక్కడ అంచు కదలదు,
కదిలేది నా చెయ్యే, అదీ ముందుకే.
దొండకాయ సగంలో ఆగిపోయా.
అడిగేవాళ్ళు ఎవరూ లేరు.
నేనే అడుక్కున్నా.