సాగుడు శాతం

ముక్కని ఎముక ఆకారంలో కోస్తాం.
రెండు చివర్లూ వెడల్పు, నడుము సన్నం,
తెగితే అక్కడే తెగాలని.
మిషను దవడలు రెండూ పట్టుకుని
నిమిషానికి యాభై మిల్లీమీటర్ల చొప్పున
తొందరేం లేనట్టు లాగుతాయి.

గుంటూరు, ఏటుకూరు రోడ్డు. నూనె మిల్లు వెనక
రేకుల షెడ్డే మా ల్యాబు.
మే నెల. ఫ్యాను వేడిని
ఒక మూల నుంచి ఇంకో మూలకి మోస్తోంది.
ముక్క ఆముదంతో చేసిందే.
వెలుతురుకి పెడితే లేత బెల్లం పాకంలా ఉంటుంది.
చిన్నప్పుడు ముక్కు మూసి గొంతులో పోసిన చెంచాడు
ఇప్పుడు గట్టిపడి నా ఎదట కూర్చుంది.
ఆ మొహం మాత్రం ఇంకా నాదే.

నూట ఎనభై శాతం. రెండొందల పది.
ఇంకా తెగలేదు.
యోహాను పందెం కాసినవాడిలా ఊపిరి బిగబట్టాడు.
రెండొందల నలభై దగ్గర
టప్పుమని కూడా అనకుండా,
విసిగిన మనిషి మాట మానేసినట్టు
తెగింది.

"ఏ చెట్టూ లేని చోట..." అని మొదలెట్టి
ఓనరు రంగనాయకులు గారు సామెత సగంలో ఆపి నవ్వుతారు.
ఆయనకి కావలసింది మిర్చి టిక్కీలకి లోపలి పొర.
యార్డులో నలభై ఆరు డిగ్రీల ఎండ,
కోల్డు స్టోరేజీలో ఆరు.
ఎండలో పొరకి పొర అతుక్కుంది.
నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా
అంటేదే అంటుతుందంటారు గానీ
దీనికి అన్నీ అంటాయి: దుమ్ము, వెంట్రుక, నా వేలిముద్ర.
చలిలో

ఏమవుతుందో చెప్పింది మిషను కాదు,
మస్తాన్‌బీ.
ఇరవై రెండేళ్ళుగా మిరప తొడిమలు తీస్తోంది.
కోల్డు స్టోరేజీ గుమ్మంలో నిలబడి
చీర మడతేసినట్టు అలవాటుగా మడిచింది.
మడత వెంబడే విరిగింది.
"అప్పడం చేశావేంటమ్మాయ్?"

మళ్ళీ మొదలు.
అణువుల గొలుసుల మధ్య ముడులు తగ్గించాం.
మెత్తబడింది, బలం పోయింది.
ఒకటిచ్చి ఒకటి పట్టుకుపోతుంది
వడ్డీ వ్యాపారిలా.
నీళ్ళలో వారం నానేస్తే
ఒక్క శాతం కూడా బరువెక్కలేదు.
బకెట్లో మాత్రం మెల్లగా అడుక్కి దిగింది.
నూనెగా ఉన్నన్నాళ్ళూ తేలింది,
గట్టిపడ్డాక మునగడం నేర్చుకుంది.

నాలుగో రకం చలికి విరగలేదు.
ఎండకి అంటుకోలేదు, దాదాపుగా.
కానీ మిర్చి నింపి నెల్లాళ్ళు ఉంచి తీస్తే
ఎర్రబడింది. సబ్బుకి పోలేదు.
మిరప ఎరుపు నీటికి లొంగదు, నూనెకే లొంగుతుంది.
ఎంత గట్టిపడినా, ఏ పేరు పెట్టినా
లోపల దాని బుద్ధి నూనెదే.
"మరకల సరుకు ఎవడు కొంటాడు?" అన్నారు రంగనాయకులు గారు.
లెక్క తప్పేం కాదు.

ఆ మధ్యాహ్నం,
బలం చాలదని పారేసిన రెండో రకంలోంచి
మస్తాన్‌బీ నాలుగు పీలికలు ఏరుకుంది.
వేళ్ళకి చుట్టుకుంది.
రోజూ రాత్రి మంటకి ఆమె రాసుకునేది
ఆముదమేనట.
కణుపు వంచితే సాగింది,
చాపితే వెనక్కొచ్చింది,
చెమటకి జారలేదు.
"ఇది బావుంది" అంది, తల ఎత్తకుండానే
ఇంకో కాయ అందుకుంటూ.

రిపోర్టులో గడులు పదకొండు.
తన్యత, సాంద్రత, కాఠిన్యం, చీలే బలం...
ఎందులో పడుతుందో తెలియక
అంచున పెన్సిలుతో రాశాను:
వేలికి సరిపోయింది.

యోహాను చూసి చెరిపెయ్యమన్నాడు.
రబ్బరు కనబడలేదు.