మేకు కన్నాలు పదిహేడు

నెలాఖరు ఆదివారం కింద పోర్షన్ ఖాళీ అయింది.
తాళంచెవి నా అరచేతిలో పెట్టి
"చూసుకోండి మేడమ్" అంది హేమసుందరి.
ట్రాలీ ఆటో మీద ఆమె బీరువా
గుజరాతీపేట సందు తిరుగుతూ
అద్దంతో ఒక్కసారి నా కళ్ళలోకి మెరిసింది.

నేను నోటుబుక్కు తెరిచాను.
ఇల్లు కట్టిన నాటి నుంచీ ఇదే పుస్తకం.
ఎడమ పేజీలో వచ్చిన రోజు, కుడి పేజీలో వెళ్ళిన రోజు,
మధ్యలో కుట్టుదారం.

హాలు: మేకు కన్నాలు పదిహేడు.
నాలుగే కొడతామన్నారు వచ్చినప్పుడు.
వంటగది: స్టవ్వు వెనక టైళ్ళ మీద మూడేళ్ళ పోపు.
బాత్రూమ్ తలుపు: కింద రేకు ఊడి, నీళ్ళు తాగి ఉబ్బింది.
కిటికీ గ్రిల్లు: తుప్పు.
దాన్ని ఆమె ఖాతాలో రాయను.
తుప్పు కళింగపట్నం గాలిది.
ఆ గాలి నాకు ఏనాడూ అడ్వాన్సు ఇవ్వలేదు.

అసిరినాయుడు వచ్చాడు, పుట్టీ డబ్బాతో.
గోడని వేలి కణుపుతో కొట్టి
చెవి దగ్గర పెట్టి వింటాడు.
"ఇది బతికే ఉన్నాదమ్మా.
అదిగో, అది సచ్చిపోనాది. సెక్కీయాల."

ఇక పడమటి గది.
నేను చివరికి మిగుల్చుకునే గది.
తిత్లీ తుఫాను ఏడాది నుంచీ అక్కడ కప్పు మూల
చెమ్మ తన ఊళ్ళు తాను గీసుకుంటూ పోతోంది.
ప్రతి వానాకాలం ఫోను చేసేది:
"మేడమ్, మంచం జరిపాం."
"వానలు పోనీ, చూద్దాం" అనేదాన్ని.
వానలు పోయేవి.
ఆరిన గోడకి ఎవరు ఖర్చు పెడతారు?

తలెత్తి చూస్తే మూల తెల్లగా ఉంది.
నేను వేయించిన తెలుపు కాదు.
అసిరినాయుడు నిచ్చెనెక్కి కొట్టి విన్నాడు.
మేడ మీదికి కూడా పోయి వచ్చాడు.
"ఎవులో సేసినారమ్మా. పైన పగులు కూడా పూడ్సీసినారు.
మంచి పనే.
నాను సేసింది కాదు."
కాస్త నొచ్చుకున్నాడు.

ఎంత అయ్యుంటుందని అడిగాను.
రెండు నెలల అద్దె.

ఆమె చెప్పలేదు. అద్దెలో పట్టుకోలేదు.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
పగటిపూట నిద్రపోయే మనిషి.
మొహం మీద చుక్క పడకుండా పడుకోవడానికి
నా ఇంటిని తనే బాగు చేసుకుంది.
అది మంచితనమో,
నా "చూద్దాం" మీద నమ్మకం చచ్చిపోవడమో,
ఏ పేజీలో రాయాలి?

కన్నాలన్నీ పూడ్చి, చేతులు కడుక్కుని
కూలి తీసుకుని వెళ్ళిపోయాడు అసిరినాయుడు.
నేను పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి,
అడ్వాన్సు కోత లేకుండా పంపించాను.
పైన రెండు నెలలది కలపాలా
అని రాత్రి పదింటిదాకా కూర్చున్నాను.
ఒక నెలది కలిపాను.

వెంటనే ఫోను. వెనకాల ఎవరో దగ్గుతున్నారు,
వార్డులో ఉన్నట్టుంది.
"ఎక్కువ వచ్చింది మేడమ్. కన్నాలకి పట్టుకోలేదా?"
"పదిహేడే కదమ్మా, ఏముందిలే."
"పద్దెనిమిది.
పడగ్గది తలుపు వెనక ఒకటుంది, చూడలేదేమో."

లైటు వేసుకుని కిందికి దిగాను.
ఉంది.
మేకు కూడా ఉంది,
తెల్లకోటు తగిలించే ఎత్తులో.