ముందు నాలుగు రెట్లు

నా ఉద్యోగమే గోరంతను కొండంత చేయడం.
డండీ ఊళ్లో, ఆసుపత్రి మూడో అంతస్తులో,
మైనపు దిమ్మలో బిగుసుకున్న ముక్కను
ఉల్లిపొర సిగ్గుపడేంత పల్చగా కోసి
గాజు పలక మీద పరిచి
గులాబీ, ఊదా రంగుల్లో ముంచి
సరిగ్గా వచ్చిందో లేదో మైక్రోస్కోపులో చూసి ఇస్తాను.
ఎవరివో తెలియదు. నంబర్లు తెలుసు.

చేరిన కొత్తలో ఆత్రంగా
నలభై రెట్ల లెన్సు తిప్పి కళ్లు ఆనించేదాన్ని.
మొయిరా గిలెస్పీ నా వేళ్ల మీద తట్టేది.
"ముందు నాలుగు రెట్లు, అమ్మాయ్.
ఊరెక్కడుందో చూడకుండా
సందులో దిగితే తప్పిపోతావు."
ఆవిడ యాసలో అది తిట్టులాగే వినబడేది.
పదకొండేళ్లయింది. ఇప్పుడావిడ రిటైరై
పోటీలకి గుమ్మడికాయలు పెంచుతోంది.

ఈ నవంబరులో ముక్క నాది.
బియ్యపు గింజంత.
తెలిసిన పేరు కనక మా బల్ల మీదికి రానివ్వలేదు,
ఆబర్డీన్‌కి పంపారు.
తొమ్మిది రోజులు పడుతుందన్నారు.
నాకు తెలియదూ, ఎందుకు పడుతుందో?
ఏ రోజు ఏ ద్రావణంలో మునుగుతుందో కూడా తెలుసు.

మొదటి రోజే నలభైలో ఇరుక్కుపోయాను.
టీ కప్పు అంచున వెంట్రుకంత పగులు,
సుధీంద్ర చప్పుడు కాకుండా గిన్నెలు తోమడం,
"చూద్దాం" అనేముందు డాక్టరు తీసుకున్న ఊపిరి.
అన్నీ కొండలే. ఒక్కోటీ కంటినిండా.

"ఇంతకంటే పెద్ద కష్టాలున్నవాళ్లు లేరా?"
అంది ఫోనులో వదిన.
ఉన్నారు వదినా, రోజుకి ఎనభై మందిని కోస్తాను నేను.
రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెడితే
ఏదీ చిన్నదవదు.
రెండూ మసకబారతాయి, అంతే.

ఐదో రోజు సాయంత్రం కొండెక్కాను.
ఊరి నడుమ కొండ. దాన్నిక్కడ 'లా' అంటారు,
లా అంటేనే కొండట.
గాలి స్కార్ఫుని లాగి లాగి మొహాన కొడుతోంది.
కింద టే నది. వంతెన మీద రైలు
దారమెక్కించిన సూదిలా అవతలి ఒడ్డుకి పోతోంది.
మా ఆసుపత్రి గుప్పెడు దీపాలు.
వంటింట్లో లైటు వేసే వచ్చాను,
అరగంట వెతికాను, మా ఇల్లు దొరకలేదు.
ముందు గుండె జారింది.
తర్వాత, ఎందుకో, భుజాలు జారాయి.

భయం చిన్నదైపోయిందని అబద్ధం చెప్పను.
దిగొచ్చి కారు తాళం తీసేసరికి
పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చునుంది.
కాకపోతే దాని చుట్టూ ఊరుందని చూసొచ్చాను.
దానికీ ఒక అంచుందని.

ఇంటికొస్తే నైనిక ఏడుస్తోంది.
ఊడిన పన్ను సోఫా కింద ఎక్కడో పడిపోయింది.
ఏడేళ్ల జీవితంలో ఇంత ఉపద్రవం లేదు.
"చిన్న పన్నేగా" అనబోయి
నాలుక కరుచుకున్నాను.
టార్చి పట్టుకుని ఇద్దరం బోర్లా పడుకున్నాం.
దుమ్ము, ఒక లెగో ముక్క, ఎండిన బఠాణీ,
పోయినేడు పోయిన నా చెవిదిద్దు.
"అమ్మా, ముందు సోఫా జరపాలి కదా!"
జరిపాం.
దొరికింది. బియ్యపు గింజంత.

ఇంటికప్పు మీదికి విసరాలని నేను,
దిండు కింద పెట్టాలని తను.
వాన మొదలైంది కనక దిండే గెలిచింది.

దానికి నిద్రపట్టాక ఆబర్డీన్ గుర్తొచ్చింది.
అక్కడెవరో, రేపో ఎల్లుండో,
నా నంబరు చదివి పలకని వెలుతురులో పెడతారు.
వాళ్లకీ ఒక మొయిరా ఉండే ఉంటుంది.
ఆత్రపడకండి, పేరు తెలియని చేతులారా.
ముందు ఊరు చూడండి.

ఇంకా నాలుగు రోజులు.
సుధీంద్రా, లే అక్కణ్ణుంచి.
ఈ పూట గిన్నెలు నేను తోముతాను,
చప్పుడయ్యేలా.